కర్రి పైడయ్య గారి ఆశీస్సులతో

మా సంస్థ ఎక్కడుందో చెప్పకూడదు, రహస్యం. ఉత్తరాంధ్రలో ఒక కొండ వెనక ఉందని మాత్రం చెప్పగలను. బస్టాండులో దిగి 'అద్దాల కంపెనీ' అన్నారంటే ఏ ఆటోవాడైనా ముప్ఫై రూపాయలు పుచ్చుకుని సరిగ్గా గేటు ముందు దింపుతాడు. రహస్యం అక్కణ్ణుంచి మొదలవుతుంది. సైన్యం వాళ్ళ దుర్భిణీలకి బిగించే అద్దాలు లోపల తయారవుతాయి.

నా పేరు కూర్మారావు. అక్కడి భద్రతా విభాగంలో సీనియర్ అసిస్టెంటుని. ఏ కమిటీ కూర్చున్నా మినిట్సు రాసేది నేనే. ఇరవై రెండేళ్ళుగా రాస్తున్నాను, ఒక్క అబద్ధం రాయలేదు. రాయకుండా వదిలేసిన నిజాలున్నాయా అంటే ఉంటాయి. అవి రాయమని ఎవరూ అడగలేదు మరి.

కిందటేడు ఆషాఢంలో పైనుంచి ఒక సర్క్యులర్ దిగింది. దాని సారాంశం ఇది: అప్పులపాలైన ఉద్యోగి శత్రువు చూపే ధనాశకు లొంగే అవకాశం మెండుగా ఉన్నందున, రహస్య విభాగాల్లో ప్రవేశించు ప్రతి ఉద్యోగి ఋణ యోగ్యతాంకం ఏడువందల యాభైకి తగ్గరాదు. తగ్గినచో పాసు రద్దగును. రద్దయిన తేదీ నుండి తొంభై దినములలోగా పాసు తిరిగి పొందనిచో, సదరు ఉద్యోగి తనంతట తానే ఉద్యోగమును విడిచిపోయినట్లు భావించబడును.

తనంతట తానే! అంటే పింఛనూ ఉండదు, ఏమీ ఉండదు. ఋణ యోగ్యతాంకం అంటే ఏమిటో అని కంగారు పడకండి, మీరూ నేనూ క్రెడిట్ స్కోరు అనుకునేదే.

మా భద్రతాధికారి చామర్తి కోదండపాణి గారికి ఈ సర్క్యులర్ చూసి పండగొచ్చినట్టయింది. ఆయన ఏ నియమాన్నీ వచ్చింది వచ్చినట్టుగా అమలు చేయరు. దానికి ఇంకో నాలుగు నియమాలు తగిలించందే ఆయనకి అన్నం అరగదు. "బ్యాంకు ఋణాలు మాత్రమే ఋణాలా కూర్మారావ్? చేబదుళ్ళ మాటేమిటి? శత్రువు ఏ రూపంలో వచ్చునో ఎవరు చూడవచ్చారు?" అని, క్వార్టర్లలో ఉన్న ప్రతి కుటుంబమూ సోమవారం సోమవారం ఋణ ప్రకటన పత్రం నింపి ఇవ్వాలన్నారు. స్కోరు నుంచీ, ఈ పత్రం నుంచీ భద్రతా విభాగానికి మాత్రం మినహాయింపు. పరీక్షించేవాణ్ణి ఎవరు పరీక్షిస్తారు?

మొదటి సోమవారమే ఒకావిడ నిజాయితీగా రాసింది: పక్కింటి నుంచి తోడు పెరుగు, ఒక చెంచా.

కోదండపాణి గారు ఆవిణ్ణి పిలిపించారు. "తీర్చిన తేదీ వేయలేదేమమ్మా?"

"తోడు పెరుగు ఎవరైనా తిరిగిస్తారా అండీ!"

"అయితే తీర్చని ఋణం అన్నమాట," అని ఆయన ఎర్రసిరాతో గుర్తు పెట్టారు. ఆ దెబ్బకి రెండు వారాలపాటు మా క్వార్టర్లలో ఎవరింట్లోనూ పాలు తోడుకోలేదు.

శ్రావణంలో స్కోర్లు వచ్చాయి. అప్పు లేనివాడికి ఎక్కువ మార్కులొస్తాయని నేననుకున్నాను, వెర్రివాణ్ణి. అలా కాదట. ఎంత అప్పు చేసి ఎంత టంచనుగా కడితే అన్ని మార్కులు. అసలు అప్పే చెయ్యని మనిషి స్కోరు మైనస్ ఒకటి. ఇళ్ళకీ కార్లకీ అప్పులు చేసిన మా సైంటిస్టులందరూ బొటాబొటిగా గట్టెక్కారు. సంస్థ మొత్తానికి మొదటి ర్యాంకు, ఏడువందల తొంభై ఒకటి, కర్రి పైడయ్యకి వచ్చింది.

చూసి నేను కళ్ళద్దాలు తుడుచుకున్నాను. ఎందుకంటే పైడయ్య నాకు తెలుసు. మా సంస్థలో అద్దాలకి మెరుగు పెట్టే మేస్త్రీ. యంత్రం చెయ్యగలిగినంతా చేశాక, చివరి మెరుగు పైడయ్య చేత్తో పెడితేగాని అద్దం అద్దం కాదు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు, ఇంకో ఏడు నెలల్లో రిటైర్మెంటు. అప్పంటే ఆయనకి పామును చూసినట్టే. క్యాంటీన్లో కూడా ముందు డబ్బులు బల్ల మీద పెట్టి, తరవాతే టీ గ్లాసు ముట్టుకుంటాడు. అలాంటి మనిషికి మైనస్ ఒకటి రావాలి గాని, ఇదెక్కడి చోద్యం?

కోదండపాణి గారికి చోద్యమేమీ కనిపించలేదు. సన్మానం చేద్దామన్నారు. ఆడిటోరియంలో బ్యానరు కట్టారు: ఆదర్శ ఋణ పౌరుడు. శాలువా, దండ, జ్ఞాపిక, పళ్ళబుట్ట, అన్నీ వచ్చాయి. పైడయ్య ఇస్త్రీ చొక్కాతో వచ్చి వేదిక మీద కుర్చీ అంచున కూర్చున్నాడు. అద్దాల పనికి సన్మానమనుకున్నాడు పాపం.

కోదండపాణి గారు మైకు అందుకున్నారు. "ముప్ఫై ఒక్క మాసములుగా, ప్రతి మాసమూ అయిదవ తేదీన చెల్లించవలసిన వాయిదాను మూడవ తేదీననే చెల్లిస్తూ వచ్చిన మహనీయుడు ఈయన. ఇటువంటి ఋణగ్రస్తుడు మన మధ్య ఉండటం మన అదృష్టం!"

చప్పట్లు మోగాయి. పైడయ్య చెయ్యెత్తాడు. "ఏ వాయిదా బాబూ?"

"మీ ట్రాలీ ఆటో వాయిదా."

"నాకు ట్రాలీ లేదు. సైకిలుంది."

జనం అది వినయమనుకుని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. కోదండపాణి గారు మైకు చేత్తో మూసి, "పైడయ్యా, ప్రస్తుతం వినయ ప్రదర్శన కార్యక్రమంలో లేదు," అన్నారు. నేను కింద వరసలోంచి ఊరుకోమని సైగ చేశాను. ఆ ఒక్క పూట నోరు మూసుకుని ఉంటే మనిషి సుఖపడేవాడు. అబ్బే! పైడయ్య లేచి శాలువా తీసి, మడతపెట్టి, బల్ల మీద పెట్టాడు.

"మా అయ్య అప్పులోళ్ళకి మూడెకరాలు ఒగ్గీసి సచ్చిపోయినాడు బాబూ. పోయేముందు నా సేత ఒట్టేయించుకున్నాడు, ఎవుడికీ పైసా బాకీ పడకురా అని. ఏభై తొమ్మిదేళ్ళొచ్చినాయి, ఒట్టు నిలబెట్టినాను. ఇందరి మజ్జెని నన్ను అప్పులోడంటే నానెలాగ ఊరుకుంటాను? ఆ అప్పు నాది కాదు. ఎవుడో నా పేరెట్టుకున్నాడు."

పళ్ళబుట్ట కూడా అక్కడే వదిలేసి దిగిపోయాడు.

మూడో రోజున కమిటీ కూర్చుంది. అధ్యక్షులు కోదండపాణి గారు, తలలూపడానికి ఇద్దరు సభ్యులు, రాయడానికి నేను. పైడయ్యని నిలబెట్టారు.

"సదరు ఋణం మీది కాదని ధ్రువీకరిస్తున్నారా?"

"కాదు బాబూ."

"ఋణమే మీది కానప్పుడు, దానిని చెల్లించుట వలన సంక్రమించిన ఏడువందల తొంభై ఒకటి కూడా మీది కాదు. అది తీసివేయగా మీకు మిగిలేది మైనస్ ఒకటి. ఇంత తక్కువ అంకె సంస్థ చరిత్రలో లేదు."

"అప్పు లేకపోడం తప్పా బాబూ?"

"తప్పు కాదు. లేదనుటకు ఆధారం లేకపోవడం తప్పు."

"మరి నా పేరు దొంగిలించినోడి మాటేటి?"

కోదండపాణి గారు ముందుకు వంగారు. "అదే మా ప్రధాన ఆందోళన. సొంత పేరునే కాపాడుకొనలేని వ్యక్తి దేశ రహస్యములను ఏ విధంగా కాపాడగలడు?"

"పోలీసులకి కంప్లయింటిస్తాను."

"నిరభ్యంతరంగా ఇవ్వవచ్చు. అయితే పాసు దరఖాస్తులో పద్నాలుగవ గడి చూడండి. 'మీ పేరు ఏ పోలీసు స్టేషనులోనైనా నమోదయి ఉన్నదా?' ఫిర్యాదుదారుగా నమోదైనా, నమోదు నమోదే."

ఇదేం పోయేకాలమయ్యా అని నా నోటిదాకా వచ్చింది. మినిట్సు రాసేవాడికి నోరుండదు, కలమే ఉంటుంది. 'పాసు రద్దు చేయడమైనది' అని రాశాను. పైడయ్య మెడలోంచి పాసు తీసి నా చేతిలో పెట్టాడు. తొంభై రోజుల లెక్క ఆ రోజు మొదలైంది.

మర్నాడూ ఎనిమిదింటికే వచ్చాడు. లోపలికి రానివ్వరు కదా, గేటు ఎదురుగా కల్వర్టు గోడ మీద క్యారేజీ పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. సాయంత్రం అయిదింటికి లేచి వెళ్ళాడు. రోజూ అదే వరస. లోపల నలభై అద్దాలు చివరి మెరుగు కోసం ఆగిపోయి ఉన్నాయి. చదువుకున్న ఇంజినీర్లు తామే మెరుగు పెడతామని పూనుకుని అయిదు పాడుచేశారు. వాటిలోంచి చూస్తే మా కొండ రెండు కొండలుగా కనిపించింది. దేశానికి కొండలు పెరిగినందుకు డైరెక్టరు గారేమీ సంతోషించలేదు.

పన్నెండో రోజు శనివారం. నేను టీకి గేటు బయటికి వచ్చాను. పైడయ్య తన టీకి తనే డబ్బులిచ్చుకుని నా పక్కన నిలబడ్డాడు. అప్పుడే మా గేటులోంచి ఒక ట్రాలీ ఆటో చిత్తుకాగితాల కట్టలు వేసుకుని బయటికొచ్చి టీ బడ్డీ ముందు ఆగింది. మామూలుగా ఇలాంటి బళ్ళ వెనక 'అమ్మానాన్నల దీవెన' అనో, ఇలవేల్పు పేరో రాయించుకుంటారు. దీని వెనక పసుపురంగు పెద్దక్షరాలతో 'కర్రి పైడయ్య గారి ఆశీస్సులతో' అని ఉంది. పక్కన రెండు తామరపువ్వులు కూడా వేయించాడు.

పైడయ్య కూడబలుక్కుని రెండుసార్లు చదివాడు. "కూర్మారావు గారూ, నానెప్పుడు ఆశీర్వదించినాను?"

బండిలోంచి నలభై ఏళ్ళ మనిషి దిగి టీ తీసుకున్నాడు. బోని గవరయ్య. మా చిత్తుకాగితాలు ఏటా వేలంలో కొనుక్కునేవాడు. పైడయ్య దగ్గరికెళ్ళి అడిగాడు. "ఆ ఎనకాతల రాసున్న పైడయ్యెవుడు నాయనా?"

"నా పాలిట దేముడు బాబూ. నానెప్పుడూ సూణ్ణేదు."

"ఇప్పుడు సూడు."

గవరయ్య చేతిలో గ్లాసు జారి కిందపడింది. మరుక్షణం మనిషే పైడయ్య కాళ్ళ మీద పడ్డాడు.

సంగతి అక్కడే బయటపడింది. గవరయ్య తన బామ్మర్ది చీటీ పాటకి హామీ సంతకం పెట్టాడు. బామ్మర్ది చీటీ పాడుకుని, డబ్బు పుచ్చుకుని రాయపూరు చెక్కేశాడు. దాంతో గవరయ్య పేరు చెడి, ఎక్కడా అప్పు పుట్టలేదు. బండి లేకపోతే బతుకు లేదు. ఆ సమయంలో మా చిత్తుకాగితాల కట్ట విప్పితే పైడయ్య కాగితాలు కనిపించాయి.

"ఆధారు కార్డు, ఫొటో, జీతం కాయితం, సంతకం, అన్నీ వరసాగ్గా పిన్నెట్టి ఉన్నాయి బాబూ. పెళ్ళి సంబంధానికి కూడా అంత బాగా కాయితాలు సర్దరు. అప్పిచ్చీ ఆపీసుకి అట్టుకెళ్తే ఆళ్ళు మారుమాటాడకుండా ఇచ్చీసినారు."

"ఫొటోలో మొహం నీది కాదు కదరా?" అన్నాను.

"జిరాక్సులో అందరి మొహాలూ ఒకటే బాబూ, నల్లగా."

నేను టీ గ్లాసు పక్కన పెట్టేశాను. ఏటా ప్రతి ఉద్యోగి దగ్గరా సంతకం పెట్టిన జిరాక్సులు ఎనిమిదేసి సెట్లు తీసుకునేది మా భద్రతా విభాగమే. కిందటేటి సెట్లు చిత్తుకాగితాల కింద వేలం వేసేదీ మేమే. ఆ వేలం ప్రకటన రాసింది నేను. ఈ విషయాన్ని మనసులో నమోదు చేసుకున్నాను, మరెక్కడా చెయ్యలేదు.

"మరి వాయిదాలు ముందే ఎందుకు కట్టినావురా?" అని పైడయ్య అడిగాడు.

"ఒక్క నెల తప్పితే ఆళ్ళు మీ ఇంటి మీదికొచ్చి మీ పరువు తీసెత్తారు కదా బాబూ. సేసిన పాపం సాలదా, అది కూడానా? అందుకే రెండ్రోజుల ముందే కట్టీసీవోణ్ణి."

కొట్టడానికని ఎత్తిన చెయ్యి పైడయ్య దించేశాడు. "ఓరి దొంగా, పేరు దొంగిలించినావు గానీ పాడుసెయ్యకుండా దాసినావు. నిన్నేటి సెయ్యాలో నాకు తెలడం లేదు. నడువు, ఆపీసరు బాబుకి సెప్పు."

అసలు దొంగ దొరికాడు కాబట్టి పాసు తిరిగొచ్చేస్తుందనుకున్నాడు పైడయ్య. నిజానికి నేనూ అదే అనుకున్నాను. కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. గవరయ్య చేతులు కట్టుకుని అంతా ఒప్పుకున్నాడు. కోదండపాణి గారు కుర్చీలోంచి లేచారు.

"అంటే... ఏడువందల తొంభై ఒకటి తమరేనా?"

గవరయ్యకి కుర్చీ వేయించారు. కాఫీ వచ్చింది. పైడయ్య నిలబడే ఉన్నాడు.

ఆ రోజు కోదండపాణి గారు చెప్పగా నేను రాసిన తీర్మానం ఇది: ప్రవేశార్హత అంకెకు చెందును. అంకె కర్రి పైడయ్య అను పేరుకు చెందును. సదరు పేరును అంకెకు తగిన విధంగా నిర్వహించుచున్నది శ్రీ గవరయ్య అయినందున, పాసు వారికి జారీ చేయవలెను. ఆ మధ్యాహ్నానికే పాసు తయారైంది. పేరు కర్రి పైడయ్య, ఫొటో గవరయ్యది.

"మరి అద్దాలకి మెరుగెవరు పెడతారు సార్?" అన్నాను, ఉండబట్టలేక.

దానికీ నియమం దొరికింది. పూర్తి అర్హత గల ఉద్యోగి వెంట ఉంటే సందర్శకులను రహస్య విభాగంలోకి అనుమతించవచ్చు. కాబట్టి పైడయ్య సందర్శకుడయ్యాడు. రోజూ పొద్దున్న గేటు దగ్గర ఈ తంతు నడిచేది.

"పేరు?" అనేవాడు సెంట్రీ.

"కర్రి పైడయ్య."

"ఎవరిని చూడాలి?"

"కర్రి పైడయ్యని."

"ఏం పని మీద?"

"ఆడు కూకుంటాడు, నాను పని సేస్తాను."

లోపల పైడయ్య అద్దాలకి మెరుగు పెడుతుంటే గవరయ్య స్టూలు మీద కూర్చుని గోళ్ళు చూసుకునేవాడు. బండి బేరాలు పొద్దున్నా సాయంత్రమూ తోలుకునేవాడు. మధ్యాహ్నం ఇద్దరూ కలిసే తినేవారు. గవరయ్య ఎండుచేపల పులుసు ఒక గరిటె వడ్డిస్తే, పైడయ్య వెంటనే తన మాగాయ ముక్క తీసి అవతలి కంచంలో వేసేవాడు. బాకీ ఉండకూడదుగా. ఒకసారి నన్నూ కూర్చోమన్నారు. నా దగ్గర తిరిగివ్వడానికేమీ లేక ఆకలి లేదన్నాను.

అద్దాలన్నీ పూర్తయ్యాయి. సైన్యం వాళ్ళు మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం పాసులో ఉన్న పేరుకి వచ్చింది కాబట్టి గవరయ్య చేతికిచ్చారు. తొంభై రోజుల లెక్క మాత్రం ఆగలేదు. సందర్శకుడి గంటలు సర్వీసులోకి రావని కోదండపాణి గారు తేల్చేశారు.

ఎనభై అయిదో రోజున పైడయ్య నా బల్ల దగ్గరికొచ్చాడు. "మా ఇంటిది అడుగుతోంది, పింఛను వస్తాదా రాదా అని. ఏటి సెప్పమంటారు కూర్మారావు గారూ? మీరు రాసినోరు, మీకు తెలుస్తాది కదా."

నాకు సిగ్గేసింది. ఉన్నమాట చెప్తున్నాను, అంత సిగ్గు నాకు పెళ్ళిచూపుల్లో కూడా వెయ్యలేదు. రాసినవాణ్ణి నేనే. ఆయన జీవితాన్ని 'రద్దు చేయడమైనది' అని చక్కటి దస్తూరీతో రాసినవాణ్ణి.

బీరువాలో ఫైళ్ళన్నీ దింపాను. తుమ్ములతో ముక్కు ఊడిపోయింది గాని, దొరికింది. చిత్తుకాగితాల వేలం రసీదు. రెండువందల పన్నెండు కిలోలు, కిలో పదకొండు రూపాయలు, కొన్నవారు బోని గవరయ్య, అమ్మినవారి తరఫున సంతకం చామర్తి కోదండపాణి. అది తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. ఆయనతో ఆయన భాషలోనే మాట్లాడాలి.

"సార్, సదరు వ్యవహారంలో చౌర్యం జరిగినట్లు లేదు. విక్రయం జరిగినది. రసీదు జతపరచడమైనది. సంతకం తమరిది."

ఆయన మొహం పాలిపోయింది. "ఈ అంశం కమిటీ దృష్టికి రాలేదని రాయవయ్యా."

"వచ్చిందని రాసేశాను సార్. పై ఆఫీసుకి పంపించేశాను." ఇరవై రెండేళ్ళలో ఎవరూ అడక్కుండా రాసిన మొదటి నిజం అది.

ఆయన ఒక నిమిషం కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి మొహం వెలిగిపోతోంది. ఆయన తక్కువవాడు కాదు. "చౌర్యం కానప్పుడు నా హయాంలో చౌర్యం జరగనట్లే! విక్రయం సక్రమం. పొరపాటున అమ్ముడైన సంస్థ ఆస్తిని తిరిగి కొనుగోలు చేయవచ్చు. కమిటీని పిలు."

పైడయ్య పేరుని తిరిగి కొనాలి. ఎంతకి? అమ్మిన ధరకే. గవరయ్య ఇంటినుంచి ఆ కాగితాల సెట్టు తెచ్చాడు. మా ప్రయోగశాలలో దుమ్ము రేణువుని కూడా తూచే త్రాసు ఉంది, దాని మీద పెట్టారు. నలభై ఎనిమిది గ్రాములు. కిలో పదకొండు చొప్పున, పైడయ్య వెల యాభై మూడు పైసలు.

అయితే సంస్థ కొనాలంటే మూడు కొటేషన్లు కావాలి, ఆరువారాలు పడుతుంది. గడువు ఇంకా మూడు రోజులే ఉంది. పైడయ్య జేబులోంచి రూపాయి బిళ్ళ తీశాడు. "నాదే కదా, నానే కొనుక్కుంటాను. ఇచ్చీయండి."

"కొనవచ్చు," అన్నారు కోదండపాణి గారు. "అయితే పేరుతోపాటు దానిమీద ఉన్న ఋణమును కూడా స్వీకరించవలెను. ఇంకా రెండు వాయిదాలు ఉన్నవి. పేరు విడిగా, ఋణం విడిగా ఇవ్వబడవు."

పైడయ్య చెయ్యి ఆగిపోయింది. రూపాయిని మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

"అప్పుతో అయితే నాకొద్దు బాబూ."

"పైడయ్యా, రెండు వాయిదాలే," అన్నాను. "పింఛను పోతుందయ్యా!"

"పోనీండి. మా అయ్యకి మాటిచ్చినప్పుడు ఇంత అప్పు పర్లేదు, అంత అప్పు తప్పు అని సెప్పలేదు. పేరు లేకపోయినా బతకొచ్చు గానీ మాట ఒగ్గీసి ఎలాగ బతకడం?"

గవరయ్య కుర్చీలోంచి లేచి, చెప్పులేసుకుని, చెప్పకుండా వెళ్ళిపోయాడు. పారిపోయాడనే అనుకున్నాం.

ఎనభై తొమ్మిదో రోజు మధ్యాహ్నం తిరిగొచ్చాడు. బండి మీద టార్పాలిను లేదు, పాటల పెట్టె లేదు, స్పేరు టైరు లేదు. చేతిలో ఒక కాగితం ఉంది. కర్రి పైడయ్య పేరు మీద బాకీ ఏమీ లేదని అప్పిచ్చిన ఆఫీసు వాళ్ళిచ్చిన కాగితం, ముద్రతో సహా.

"రెండు వాయిదాలూ కట్టీసినాను బాబూ. ఇప్పుడు తీసుకోండి మీ పేరు. మాసిపోయుంటే ఏమీ అనుకోకండి."

పైడయ్య ఆ కాగితం చాలాసేపు చూశాడు. తుడుచుకుందామన్నా ఆయన చేతినిండా మెరుగుపొడే. మోచేత్తో కళ్ళు ఒత్తుకుని గవరయ్యకి రూపాయి ఇచ్చాడు.

"మిగతా చిల్లరో?" అన్నారు కోదండపాణి గారు. "నలభై ఏడు పైసలు తిరిగి ఇవ్వనిచో అది ఋణమగును."

పైసలు ఎవరి దగ్గరుంటాయి? గవరయ్య గేటు బడ్డీకి పరిగెత్తి ఒక చాక్లెట్ తెచ్చి పైడయ్య చేతిలో పెట్టాడు. 'చిల్లర ముట్టినది' అని రాశాను. పైడయ్య ఆ చాక్లెట్ సగం కొరికి మిగతా సగం గవరయ్యకిచ్చాడు. అది బాకీ తీర్చడానికి కాదని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

తొంభయ్యో రోజు పొద్దున్న పాసు ఇచ్చారు. తీరిన అప్పు కూడా మంచి లెక్కేనట, స్కోరు ఏడువందల తొంభై ఒకటి అలాగే నిలిచింది. పైడయ్య మిగిలిన నాలుగు నెలలూ పనిచేసి, పింఛనుతో దిగిపోయాడు. ట్రాలీని గవరయ్య పేరుకి మార్పించాడు. వెనక అక్షరాలు చెరిపెయ్యమంటే మాత్రం గవరయ్య వినలేదు. ఇక మా కమిటీ జరిగినదాని నుంచి గుణపాఠం నేర్చుకుని, ఇకపై జిరాక్సులు ఎనిమిది సెట్లు కాక పదహారు సెట్లు తీసుకోవాలని తీర్మానించింది. ఎనిమిది పోయినా ఎనిమిది ఉంటాయి కదా.

కథ ఇక్కడితో అయిపోవలసింది. కానీ మొన్న ఇంకో సర్క్యులర్ దిగింది. భద్రతా విభాగానికి ఇచ్చిన మినహాయింపు రద్దు. కోదండపాణి గారి స్కోరు వచ్చింది, అయిదువందల నలభై. నాలుగు క్రెడిట్ కార్డులు, ఎక్కడున్నాయో ఆయనకే తెలియని మూడు ప్లాట్లు, తోడల్లుడి వ్యాపారానికి హామీ సంతకం. తొంభై రోజుల లెక్క మొదలైంది.

శనివారం గవరయ్య చిత్తుకాగితాలు ఎత్తడానికి వచ్చాడు. కోదండపాణి గారు అటూ ఇటూ చూసి, బండి దగ్గరికి వెళ్ళి, చంకలోంచి కవరు తీశారు. అందులో ఆధారు, ఫొటో, జీతం స్లిప్పు, సంతకం, అన్నీ వరసగా పిన్ను చేసి ఉన్నాయి.

"గవరయ్యా, నువ్వు రెండో బండి తీసుకోవాలనుకుంటున్నావట కదా. నా పేరు మీద తీసుకో. ముందే చెల్లిస్తావుగా. నా అభ్యంతరం ఏమీ లేదు."

ఆయన వెనక నేనెందుకు నిలబడ్డానని అడక్కండి. నా చేతిలోనూ ఒక కవరుంది. నా స్కోరు ఆరువందల ఎనభై.

గవరయ్య రెండు కవర్లూ తీసుకున్నాడు. ఒక్కొక్క కాగితం తిరగేశాడు. చేతిలో అటూ ఇటూ ఊపి బరువు చూశాడు. తరవాత చాలా మర్యాదగా మా చేతుల్లో తిరిగి పెట్టేశాడు.

"పైడయ్య గారి పేరంటే దాని సంగతి ఏరు బాబూ. ఇవి నాకు పేరు కింద పనికిరావు," అన్నాడు. "కిలోల్లెక్కనైతే తీసుకుంటాను. పదకొండు రూపాయలు."